మూసేసిన మగ్గం గుంత

జూన్ 8, శనివారం
పొద్దున్నే లోకల్ ట్రైన్లో తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి. ఈ నెల మా జట్టుకు నాలుగిళ్ళు. ఒంటరి ముసలివాళ్ళు ఇంట్లో జారిపడకుండా చూడటం మా పని. బాత్రూములో పట్టుకునే కమ్మీ బిగించడం, వైర్లు పక్కకు కట్టడం, బల్బులు మార్చడం...

నాలుగోది మునిరత్నం తాత ఇల్లు. మగ్గం అమ్మేసి మూడేళ్ళయిందట. నేసేటప్పుడు కాళ్ళు దించుకునే గుంత మాత్రం నేలలో అట్లే ఉంది, తొడల లోతు. పైన దూలం నుంచి తాడు వేలాడుతోంది. చీకట్లో ఈ గుంతలో పడితే అంతే. మూసేద్దాం అన్నాను మా జట్టులోని దయాళన్నతో.

"యాభై ఏండ్లు మ్మా. ఒక్కసారి కూడా పడలేదు" — తాత.

ఊరందరిదీ ఒక దారి, ఈయనది ఒక దారి!

జూన్ 10
ఆవడిలో ఉన్న తాత కూతురు కస్తూరికి ఫోన్. "మూసేయండక్కా, నేను చెప్తే యాడ వింటాడు!" ఇంటి ఓనరు కూడా సరే అన్నాడు.

జూన్ 15, శనివారం
మట్టి పోయించి పైన సిమెంటు వేయించాం. తాడు కోసింది నేనే. తాత గడపలో నిలబడి చూశాడు. "కూర్చునేది యాడ?" అని ఒక్కసారి అడిగాడు. కొత్త ప్లాస్టిక్ కుర్చీ చూపించాను. దయాళన్న ఫోటో తీశాడు, అందులో నేను నవ్వుతున్నాను. సంతోషంగానే ఉంది, దాచేదేముంది.

జూన్ 19
తాత పక్కింటి నాగమ్మ ఫోన్. పొద్దున పడ్డాడట. తుంటి ఎముక విరిగింది.

జూన్ 20
ఆసుపత్రి వరండాలో నాగమ్మ చెప్పింది. తాత సద్ది గిన్నెతో గుంత ఉన్నచోటికి వచ్చాడట. వెనక్కి తిరిగి, తాడు కోసం చేయి పైకెత్తి, కూర్చోబోయాడట. తాడూ లేదు, గుంతా లేదు.

"దినమూ అట్లే గదక్కా. తాడు పట్టుకొని, గుంతలో కాళ్ళు దించుకొని కూర్చుంటేనే ఆయనకు కూడు దిగేది. మోకాళ్ళు మడవలేడు."

నేను అడగలేదు. మొదటిరోజే పదహారు ప్రశ్నల కాగితం నింపాను, ఎక్కడ కూర్చుని తింటావు తాతా అని మాత్రం అడగలేదు.

"కస్తూరికి ఇదేమీ తెలీదు, నువ్వే చెప్పు. నాకెందుకొచ్చిన గొడవ" అంది నాగమ్మ.

జూన్ 21
కస్తూరి వచ్చింది. "ఎట్ల పడినాడక్కా?" ...గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కొంగు సర్దుకున్నాను. ఉత్త నేల మీదే, ఏమీ అడ్డం లేదు, అన్నాను. ఒక్క ముక్క అబద్ధం లేదు. ఛీ.

జూన్ 23
మరుపు ఉందా అని డాక్టరు అడిగాడట. కస్తూరి ఏడుస్తోంది. "గాల్లో చేయి పెట్టి ఏందో వెతికినాడని మాత్రం చెప్పింది నాగమ్మ. మతి తప్పినట్టుందక్కా. ఇంక ఒంటిగా విడిచిపెట్టలేను." తనతో ఆవడికి తీసుకుపోతుందట. మూడో అంతస్తు, పగలంతా బయటినుంచి తాళం. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పనికి పోవాలి మరి.

తాత గోడవైపు తిరిగి, "వేండాం, నాకొద్దు. నా ఇంటికే పోతా" అన్నాడు.

జూన్ 25
దయాళన్నతో అన్నాను, తప్పు మనదే, చెప్పేద్దాం అని. "చెప్తే రేపు మనల్ని ఏ ఇంట్లోకి రానిస్తారు?"

మంచివాడే. నాకు ఆ మాటే కావాల్సి వచ్చింది. అందుకే ఆయన్ని అడిగాను.

జూన్ 27
తాత దగ్గర ఎవరూ లేరు. నా చేయి పట్టుకున్నాడు.

"మూసేటప్పుడు నేను చూసినా గదా మ్మా. అయినా పోయి కూర్చోబోయినా. నిజంగానే మతి పోతాండాది నాకు. కస్తూరితోనే పోతాలే. దాన్ని ఏడిపించేదెందుకు?"

మతి పోలేదు తాతా, యాభై ఏళ్ళ అలవాటు నాలుగు రోజుల్లో పోతుందా, పోగొట్టింది మేము... నోటిదాకా వచ్చింది. బత్తాయి ఒలిచి పెట్టాను. తిన్నాడు.

నా మీద నాకే అసహ్యం.

జూన్ 29, శనివారం
రేపు తాతను ఆవడికి తీసుకుపోతారు. ఈ సాయంత్రం కస్తూరి ఓనరుకు తాళం ఇచ్చేస్తుంది. ఇచ్చిందంటే ఆ ఇల్లు ఇక తాతకు లేదు.

మధ్యాహ్నం నుంచి రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. థాంక్స్ చెప్పడానికేనేమో.

మళ్ళీ మోగుతోంది.