అచ్చం మా తిన్నెలాగే

తిరుపతి,
12-10-1985

ఇంజనీరు వెంకటముని గారికి,

నమస్కారం. మా ఎదురిల్లు కొట్టేసి మీరు నాలుగంతస్తుల ఫ్లాట్లు కడుతున్నారని తెలిసి, మునిసిపాలిటీలో అర్జీ పెట్టింది నేనే. పాత వీధిలో అది కంట్లో నలుసులా ఉంటుందని రాశాను. మీరు కోప్పడలేదు. టేపు తెచ్చి మా తిన్నె కొలుచుకున్నారు, చిలకలు చెక్కిన స్తంభాల బొమ్మ గీసుకున్నారు, మజ్జిగ తాగి వెళ్లారు. ఇప్పుడు మీ కట్టడం ముందుభాగం అచ్చం మా ఇల్లే. వీధికి కుదిరిందా అని కబురు పంపారు. కుదిరింది.

ఏటా పెరటాసి నెలలో ఆర్కాడు వైపు నుంచి పసుపుబట్టల భక్తులు నడిచి వస్తారు. అలిపిరికి పోయే ముందు మా తిన్నెమీద కూర్చుని మజ్జిగ తాగుతారు. నా ఇంట్లో నలుగురి మాటలు వినబడేది ఆ నెలలోనే. మా చిలకల రంగు వెలిసిపోయింది, మీవి మెరుస్తున్నాయి. ఈ ఏడు వాళ్లు మా ఇల్లే అనుకుని మీ తిన్నెమీద కూర్చున్నారు. నేను మజ్జిగకుండతో గడప దాటేలోపే మీ కొత్త వాచ్‌మన్ "ఈడ కూసోగూడదు, పోండి" అని లేపేశాడు. వాళ్లు ఇటు చూడకుండానే వెళ్లిపోయారు.

ఇకమీదట అలాంటివాళ్లను ఎదురింటికి పంపమని అతనికి ఒక మాట చెప్పండి. నేనే చెబుదామని నిన్న వెళ్లాను. మోకాళ్లు లాగుతుంటే మీ తిన్నెమీద కూర్చున్నాను. ఎత్తు బాగా సరిపోయింది. అతను నన్ను చూసి మర్యాదగానే అడిగాడు.

"యా ఊరమ్మా మీది? కొండకు పొయ్యే బస్సు ఆడ నిలబడుండాది."

ఇట్లు,
ఎదురింటామె