జెస్సీ ఎలుకలు, మన స్త్రీల సమాజం

ఉదయగిరి,
12 ఆగస్టు 1998

ప్రభువు కాపుదలలో ఉన్న జెస్సీకి అత్త రాహేలమ్మ దీవెనలు.

ఇక్కడ మేమందరం క్షేమం. నీ ఒళ్ళు క్షేమమే అనుకుంటాను. నీ బుద్ధి క్షేమంగా ఉందో లేదో తెలియక ఈ ఉత్తరం రాస్తున్నాను.

దూరాన ఉన్న బిడ్డల ఉత్తరాలు గురువారం స్త్రీల సమాజంలో చదివి, వాళ్ళ కోరికల కోసం ప్రార్థించడం మనకు అలవాటే కదా. కార్యదర్శిని నేనే కాబట్టి లేచి నిలబడి నీ ఉత్తరం గట్టిగా చదివాను. ముందుగా ఒకసారి చూసుకోకపోవడం నా పొరపాటే. "నా ఎలుకల వీపు మీద మందు పూస్తూనే ఉన్నాను, ఇంకా క్యాన్సర్ రాలేదు, త్వరగా రావాలని అందరూ ప్రార్థించండి" అన్న మాట నోరు ఆపుకునేలోపే బయటికి వచ్చేసింది.

ఆనందమ్మ లేచింది. "ఏందిమే రాహేలూ! రోగం పోవాలని మోకాళ్ళ మీద పడతాం గానీ, రావాలని ఎవురన్నా అడుగుతారా? దేవుడు మనల్ని ఏమనుకుంటాడు?" అని అడిగింది. చాప మీద కూర్చుని ముఖానికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

మా మేనకోడలు డాక్టరమ్మ అవుతోందని వింజమూరు దాకా చెప్పుకున్నాను. డాక్టరన్నవాళ్ళు నోరులేని జీవాలకు రోగాలు అంటిస్తారా? ఇది తల్లిలేని నిన్ను పెంచిన పెంపకమేనా?

బాధతో,
నీ అత్త

తా.క. మీ మామ పెంచలయ్య మాత్రం, "చేలో ఎలకలు సెనక్కాయలన్నీ తినేస్తా ఉండాయి. ఆ మందేందో నాక్కూడా కాస్త పంపమనుమే" అన్నాడు. ఆ పూట ఆయనతో మాట్లాడలేదు.


హైదరాబాదు,
24 ఆగస్టు 1998

అత్తకు జెస్సీ వందనాలు.

నేను రోగులను చూసే డాక్టరునని ఎన్నడూ చెప్పలేదు. నువ్వే ఊరంతా చెప్పావు. నాది పరిశోధన.

ఒంట్లోని ప్రతి కణంలోనూ జన్యువులుంటాయి అత్తా. ఏ జన్యువు ఎప్పుడు పని చేయాలో, ఎప్పుడు ఊరుకోవాలో చెప్పే మీటలు కూడా ఉంటాయి. మీట అదుపు తప్పితే కణాలు ఇష్టం వచ్చినట్టు పెరుగుతాయి. అదే క్యాన్సర్. నా దగ్గర రెండు రకాల ఎలుకలున్నాయి. ఒక రకం మామూలువి. రెండో రకానికి చర్మంలో ఒక మీట పుట్టుకతోనే లేదు. అన్నిటికీ క్యాన్సర్ తెప్పించే ఒకే మందు పూశాను. మీట లేనివాటికి ముందుగా గడ్డలు రావాలని మా లెక్క. దొంగ ఏ దారిన వచ్చాడో చూడకుండా గడియ ఎక్కడ బిగిస్తావు? రోగం ఎలా వస్తుందో తెలిస్తేనే ఎలా పోతుందో తెలుస్తుంది.

ఇప్పటికి ఒక్క ఎలుకకూ ఏమీ రాలేదు. నాకు మందు పూయడమే చేతకాదని మా సారు అందరి ముందూ అన్నారు. క్రిస్మస్ లోపల ఏదో ఒకటి చూపించకపోతే నా నాలుగేళ్ళ చదువు ఇక్కడితో ఆగిపోతుంది. అది తట్టుకోలేక ప్రార్థించమన్నాను. దానికి నా పెంపకం దాకా వెళ్తావా?

జెస్సీ

తా.క. నా ఎలుకలు తెల్లనివి, చాలా శుభ్రమైనవి. కోపం తెచ్చుకోనంటే ఒక మాట. వాటి గది మన వంటింటికన్నా శుభ్రంగా ఉంటుంది.


ఉదయగిరి,
5 సెప్టెంబరు 1998

చిరంజీవి జెస్సీకి అత్త రాసేది.

పాస్టరు శాంతికుమార్ గారిని అడిగాను. "రోగం రావాలని అడిగే హక్కు మనకు లేదక్కా. నెమ్మది కలగాలని మాత్రం అడగొచ్చు" అన్నారు. నీ చదువు నిలబడాలి, మా మనస్సాక్షీ నిలబడాలి. అందుకని మధ్యేమార్గం కనుక్కున్నాము.

వచ్చే శుక్రవారం ఉపవాస ప్రార్థన పెడుతున్నాము. ఆత్మకూరు సమాజం వాళ్ళు కూడా వస్తున్నారు. నీ చేతికింద ఉన్న ప్రాణులన్నిటికీ స్వస్థత కావాలని అడుగుతాము. రోగులకు ప్రార్థించిన నూనె రాయడం మన సంఘం ఆనవాయితీ కాబట్టి, ఒక సీసా కొబ్బరినూనె కూడా ప్రార్థనలో పెడతాము. మీ మామ ఆ తరువాత పని మీద హైదరాబాదు వస్తున్నాడు. ఒక్కొక్క ఎలుక వీపు మీద ఒక్కొక్క చుక్క చాలు.

ఇట్లు,
అత్త

తా.క. నా వంటింటి సంగతి. అక్కడి పప్పుచారుతో పెరిగింది నువ్వు. నీ ఎలుకలు కావు.


హైదరాబాదు,
20 అక్టోబరు 1998

అత్తకు,

వందనాలు తరువాత. ముందు నన్ను ఏడవనివ్వు.

నేను కోరుకున్నది జరిగింది. మామూలు ఎలుకలకు గడ్డలు వచ్చాయి. మీట లేనివాటికి ఒక్కదానికీ రాలేదు. మేము అనుకున్నదానికి పూర్తిగా తలకిందులు! వాటి చర్మం ఎర్రగా కంది, అవి ఒకటే గోక్కుంటున్నాయి, అంతే. మన చర్మానికి కాపలా కాసే కణాలుంటాయి. ఆ మీట లేకపోతే కాపలావాళ్ళు రెచ్చిపోయి, క్యాన్సర్‌ను మొలకలోనే తుంచేస్తున్నారని నా అనుమానం. ఇది నిజమైతే చాలా పెద్ద సంగతి.

కానీ ఎవరు నమ్ముతారు? నువ్వు నూనె పంపుతానన్న సంగతి నేనే క్యాంటీనులో నవ్వుతూ చెప్పాను. అది సారు చెవిన పడింది. నేను బెంగుళూరు వెళ్ళిన రోజున మామ వచ్చి, ఎలుకల గది చూసే గురుస్వామి చేతికి ఒక సీసా ఇచ్చి వెళ్ళాడట. "ఆ సీసా ఏది?" అని సారు అడిగితే, గురుస్వామి తల వంచుకుని "ఒడిసిపోయింది సార్, సీసా ఖాళీ" అన్నాడు. ఎంత గుచ్చి అడిగినా ఇంకో మాట లేదు. ఇప్పుడు అందరూ నూనె పూయడం వల్లే ఎలుకలు గోక్కుంటున్నాయంటున్నారు. నా ఫలితాలన్నీ పక్కన పెట్టేశారు. "మీ సంఘం ఏం చేసిందో సంతకంతో రాయించి తెప్పించు. లేకపోతే ఇదంతా చెత్తబుట్టలోకే" అన్నారు సారు.

నేను నిన్ను ఒక్క ప్రార్థన అడిగాను. నువ్వు ఒక తాలూకానే కదిలించావు! నిజం రాయి అత్తా.

జెస్సీ

తా.క. "మీ అత్తగారు ఏ గూళ్ళలోని ఎలుకల కోసం ప్రార్థించారు?" అని సారు అడిగారు. నవ్వుతూ అడిగారో లేదో తెలియలేదు.


ఉదయగిరి,
28 అక్టోబరు 1998

చిరంజీవి జెస్సీకి అత్త రాహేలమ్మ రాసేది.

నీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం సహించలేదు. సిగ్గు విడిచి నిజం రాస్తున్నాను.

ఆ శుక్రవారం ప్రార్థన జరగనే లేదు. ఉపవాసంలో కూర్చునే ముందు ఒకరి మీద ఒకరికి కక్ష ఉంటే చెప్పుకుని సమాధానపడాలన్న నియమం నీకు తెలుసు కదా. మన ఆనందమ్మ లేచి ఆత్మకూరు ఏంజెలిన్ టీచరును పట్టుకుంది. "మా హార్మోనియం ఎరువు తీసకపోయి, రెండు మెట్లు పలకకుండా తెచ్చిచ్చినారే, అది మనసులో ఉండాది నాకు" అంది. ఏంజెలిన్ ఊరుకుంటుందా? "అది బాగానే ఉండె! మీ పాటలు విని విని అదే మూగబోయినాది!" అంది. అక్కడి నుంచి జంపఖానా, పాటల పోటీ, ఎప్పటిదో విందులో కూర చాలకపోవడం, ఒకటొకటే బయటికి వచ్చాయి. చివరికి అందరం సమాధానపడి, కావలించుకుని ఏడ్చేసరికి పొద్దు కూకింది. ఆకలికి ఆగలేక అన్నం వండుకుని తినేశాము. నీ ఎలుకలు ఎవరికీ గుర్తు రాలేదు. ప్రార్థన లేని నూనె పంపడం మర్యాద కాదని సీసా ఇక్కడే ఉంచాను.

మీ మామ తెచ్చింది నిమ్మకాయ ఊరగాయ. నీ కోసం పెట్టాను. అది "ఒడిసిపోయింది" అంటే ఎట్లా ఒడిసిందో ఎలుకల వీపులు చూడవద్దు, గురుస్వామి అన్నం క్యారియరు చూడండి. ఆయనను కోప్పడవద్దు. ఒక్క మాట చెప్పి ఉంటే ఇంకో సీసా పంపేదాన్ని కదా!

మీ సారు అడిగిన కాగితం జత చేశాను. సంతకానికి పాస్టరు గారు చాలా బాధపడ్డారు. "ప్రార్థన చేసినామని పెట్టమంటే నూరు సంతకాలు పెడతాను. చెయ్యలేదని పెట్టమంటావేందక్కా? రేపు పై వాళ్ళకు ఏం చెప్పాల?" అన్నారు. "బిడ్డ చదువు పోతా ఉంటే మన పరువు చూసుకుంటామా అయ్యా?" అన్నాను. ఎప్పుడూ ఆయనకు ఎదురు చెప్పినదాన్ని కాను. ఆయన లేచి సంఘం ముద్ర తీశారు. కొట్లాడిన ఏంజెలిన్ టీచరే ఆత్మకూరు నుంచి బస్సులో వచ్చి సంతకం పెట్టిపోయింది.

కాగితంలో ఇట్లా ఉంది. "ఉదయగిరి, ఆత్మకూరు స్త్రీల సమాజముల వారు కుమారి జెస్సీ గారి ఎలుకల నిమిత్తము ఈనాటివరకు ఎట్టి ప్రార్థనయు చేయలేదనియు, ఎట్టి తైలమును పంపలేదనియు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

మీ సారుకు చూపించు. ఆ ఎలుకలకు మేలు జరిగితే అది నువ్వు చెప్పిన కాపలావాళ్ళ పనే. మా చెయ్యి అందులో లేదు.

ప్రేమతో,
అత్త

తా.క. నీ కోసం మాత్రం రోజూ పొద్దున్నే ప్రార్థిస్తూనే ఉన్నాను. ఆ మాట కాగితంలో రాయలేదు. నువ్వు ఎలుకవు కావు కదా!