షామీర్‌పేట బొచ్చెల పొడవు

జనవరి 6, 2003, సోమవారం

తేజస్వి అను నేను, బీఎస్సీ జువాలజీ, సెకండ్ క్లాస్, షామీర్‌పేట చెరువులోని చేపలకు ఆస్థాన చరిత్రకారిణిగా ఈ రోజుతో ఆరు నెలలు పూర్తి చేసిన. ఈ ఉద్యోగంలో హోదా తక్కువ, వాసన ఎక్కువ. సాయంత్రం మేడ్చల్ పోయే షేర్ ఆటోలో నా పక్కన ఎవరూ ఇరుక్కోరు. రాజభోగం.

పని చెప్పుకోవాలంటే ఇంతే. వలలో పడ్డ బొచ్చె చేపను చెక్కబల్ల మీద పండబెట్టి పొడవు కొలవాలి, తూచాలి, నాలుగు పొలుసులు పీకి కాగితం కవర్లో పెట్టి నంబరు వేయాలి. మైక్రోస్కోపు కింద పొలుసు మీది వలయాలు లెక్కబెడితే వయసు తెలుస్తది. చేప వయసు దాచలేదు. మా పెద్దమ్మకు కూడా ఈ పరీక్ష ఉంటే బాగుండు. తర్వాత అంతా ఎక్సెల్‌లోకి. 2001 షీటు నా కంటే ముందు పనిచేసిన నగేష్‌ది, 2002 షీటు నాది.

బరువుల కాలమ్ ఇంకా ఎక్కించలేదు. నోట్‌బుక్‌లో ఉన్నయి. యాడికి పోతయి.

జనవరి 20

చరిత్ర సృష్టించిన. రెండు షీట్లు కలిపి గ్రాఫ్ గీస్తే, మూడేండ్ల బొచ్చె సగటు పొడవు 2001లో 51 సెంటీమీటర్లు, 2002లో 46. మా సైంటిస్టు పద్మలత మేడం గ్రాఫ్ చూసి కళ్లద్దాలు తీసింది. ఆమె కళ్లద్దాలు తీస్తే విషయం పెద్దదన్నట్టు. చేపలు ఎదగడం లేదు, ఫిబ్రవరి 17న మత్స్యశాఖ కమిటీకి, చెరువులో ఏడాదిపాటు వలలు ఆపమని రాస్తాను అన్నది.

ఇంటికొచ్చి నాయినకు చెప్పిన. గట్లయితే చేపల రేటు పెరుగుతదా అని అడిగిండు. సైన్సుకు మా ఇంట్లో దక్కిన గౌరవం ఇది.

జనవరి 22

గొప్పకు పోయి నేనే ముందుగాల శంకరయ్యకు చెప్పిన. ఆయన చేపలోళ్ల సొసైటీ అధ్యక్షుడు. అరుస్తడనుకున్న. అరవలేదు. నలభై ఇండ్ల బువ్వ ఆ నీళ్లల్లనే ఉంది మేడం, ఏడాది మేం వల ఉడకబెట్టుకొని తినాల్నా అని మెల్లగ అడిగిండు. నన్ను మేడం అన్నడు. అదే ఎక్కువ తగిలింది.

వాళ్లమ్మ సుక్కమ్మ కట్ట మీద చేపలు కోస్తాంది. కత్తి ఆపకుండనే, నలభై ఏండ్ల సంది గీ చేపలే కోస్తున్న పిల్లా, మూరల లెక్కన చేపలమ్మేటోళ్లను నువ్వు యాడ సూసినవ్, బరువు తగ్గిందా సెప్పు అన్నది.

బరువులా? నోట్‌బుక్‌లో ఉన్నయి కదా.

జనవరి 23

బరువులన్నీ ఎక్కించిన. మూడేండ్ల బొచ్చె 2001లో రెండు కిలోల చిల్లర. 2002లోనూ రెండు కిలోల చిల్లర.

చేప పొట్టిగయింది, చిక్కిపోలేదు. చెరువులో ఏమైనా దావత్‌లు నడుస్తున్నయా?

జనవరి 24

ఎస్టీడీ బూత్ నుంచి నగేష్‌కు ఫోన్ చేసిన. ఇప్పుడు కరీంనగర్‌లో మెడికల్ రెప్. బొచ్చెను ఎట్ల కొలిచేటోనివని అడిగిన. ముక్కు నుంచి మొదలుపెట్టి, తోక రెండు కొసలూ దగ్గరికి ఒత్తి, కొస దాకా, ఇంకెట్ల కొలుస్తరు తల్లీ అని నవ్విండు.

నేను తోక చీలిక దాకా కొలిచిన. కొసలు వలలో చినుగుతయి గదా, చీలికయితే ఖాయంగ ఉంటదని, మస్తు తెలివి అనుకొని. ఫారంలో ఒక్క మాటనే ఉంది: పొడవు. ఎక్కడి దాకా అని ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. చీలికకూ కొసకూ మధ్య ఐదు సెంటీమీటర్లు.

చేపలు పొట్టిగ కాలేదు. నేను చేసిన.

జనవరి 25

మేడం చాయ్ ఇచ్చింది. తాగిన. చెప్పలేదు. మార్చిలో నా కాంట్రాక్టు అయిపోతది, పొడిగించమని రాసేది ఆమెనే.

జనవరి 27

చెప్పిన. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరవకముందే. మేడం మళ్లా కళ్లద్దాలు తీసింది. తర్వాత, ఫారం తయారుచేసింది నేనే, అందులో సగం తప్పు నాది అన్నది. మిగతా సగం ఎవరిదో ఇద్దరికీ తెలుసు కాబట్టి చర్చ జరగలేదు.

కమిటీ మన మాట నమ్మదు, చేపలే చెప్పాలి అన్నది. వంద బొచ్చెలను ఒక్కోదాన్ని రెండు తీర్ల కొలిస్తే, చీలిక పొడవును కొస పొడవుగా మార్చే లెక్క దొరుకుతది. ఆరు నెలల నా కొలతలన్నీ బాగు చేయొచ్చు. బాగానే ఉంది. మరి ఆ వంద బొచ్చెలు ఎవరు తెస్తరు? నేను వల ఆపమన్న వాళ్లే.

జనవరి 29

కట్ట మీద నిలబడి అందరి ముందు తప్పు ఒప్పుకున్న, వంద బొచ్చెలు కావాలని అడిగిన. శంకరయ్య వల చిక్కులు తీసుకుంట కూసున్నడు. ఇంకొకాయన, చదువుకున్నోళ్లకు తోక యాడిదాకా ఉంటదో తెల్వదా అన్నడు. న్యాయమైన ప్రశ్న.

సుక్కమ్మ కత్తి కింద పెట్టింది. ఆఫీసోళ్లు తప్పు ఒప్పుకునుడు గీ కట్ట మీద నేనెన్నడు సూడలే, ఎల్లుండి పొద్దుగాల వల ఎయ్‌రా శంకరిగా, గీ పిల్లకు తోకలు సూపియ్యాలె అన్నది.

జనవరి 31

నూట పన్నెండు బొచ్చెలు. సుక్కమ్మ తోక పట్టుకొని ప్రతిసారీ, గిప్పుడు సీలికనా కొసనా అని నా చెవిలో అరిచింది. చేపల వ్యాపారి షఫీయుద్దీన్ సాబ్ తన డీసీఎం వ్యాను గంట సేపు ఆపి, జల్దీ బేటీ, నా ఐస్ కరిగి మళ్లా చెరువుల కలుస్తాంది అని మొత్తుకున్నడు. ఆపింది మాత్రం ఆపిండు.

సాయంత్రానికి లెక్క తేలింది. చీలిక పొడవు పది ఉంటే కొస పొడవు పదకొండు. నా 46ను మారిస్తే దగ్గర దగ్గర 51.

ఫిబ్రవరి 17

కమిటీలో మేడం మా తప్పు మొదటి స్లైడులోనే పెట్టింది. ఒక ఆఫీసర్ ఎవరమ్మా కొలిచింది అని అడిగిండు. లేచి నిలబడ్డ. కొత్త ఫారంలో రెండు గడులు పెరిగినయి: ఎక్కడి దాకా, కొలిచింది ఎవరు.

వలలు ఆగవు. శంకరయ్యకు చెప్తే, చాయ్ తాగి పో పిల్లా అన్నడు. నా మేడం పదవి పోయింది. హాయిగ ఉంది.

మార్చి 3

నమూనా నం. 413. జాతి: మనిషి, ఆడ. దొరికిన చోటు: షామీర్‌పేట కట్ట.
పొడవు: 157 సెం.మీ. ఎక్కడి దాకా: మడమ. తోక లేదు, గొడవ లేదు.
వయసు: 22. పొలుసులు దొరకలేదు, అమ్మ మాట మీద.
బరువు: నోట్‌బుక్‌లో ఉంది.
కొలిచింది ఎవరు: సుక్కమ్మ.
రిమార్కు: కాంట్రాక్టు పొడిగించి, ఇంకో ఏడాదికి అదే చెరువులో వదలడమైనది.