గుడ్డలో వడగడితే చాలట

అక్కా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. నీ కాలి నారికురుపులోంచి పురుగును పుల్లకు చుట్టి తీసి, పరిశోధన కోసమని సీసాలో పెట్టుకుపోయారే పట్నం డాక్టర్లు, వాళ్లు రాసిన పుస్తకం నిన్న మెట్‌పల్లి దవాఖానాలో చూశాను. అంతా ఇంగ్లీషే. కొత్తగా వచ్చిన డాక్టరు చదివి తెలుగులో చెప్పాడు.

అందులో మన ఊరి పేరుంది. మనం నీళ్లు తెచ్చుకునే దిగుడుబావి ఫొటో ఉంది. నీ కాలి ఫొటో కూడా ఉంది, కడియం చూసి గుర్తుపట్టాను. నీ పేరు మాత్రం లేదు. ఆ బావి నీళ్లు తాగితేనే పురుగు ఒంట్లోకి వస్తుందట. దళసరి గుడ్డలో వడగట్టి తాగితే రాదట.

నాతో వచ్చిన మన అవ్వ నమ్మలేదు. "గుడ్డనా? గంతేనా సారూ?" అని మళ్లీ మళ్లీ అడిగింది.

"అంతే అమ్మా."

"మరి గీ ముచ్చట మాకెందుకు చెప్పలే?"

డాక్టరు పుస్తకం మూశాడు. "ఇది డాక్టర్లు చదువుకోవడానికి రాసిందమ్మా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఏ నీళ్లు తాగుతారని నిన్ను అడిగేటప్పుడు మన తెలుగులోనే అడిగించారు కదా అక్కా, చెప్పేటప్పుడు ఏమైంది? ఆ పుస్తకం అచ్చయిన రెండేళ్లకు నీకు మళ్లీ కురుపు లేచింది. అదే చీము పట్టి నిన్ను తీసుకుపోయింది.

ఇంటికి రాగానే అవ్వ నీ పెట్టె తెరిచింది. నీ పాత చీర చింపి, మడతపెట్టి కుండ మూతికి కట్టింది. నీళ్లు పోస్తూ అంది:

"బిడ్డా, నీ చీరనే సరిపోతుండె."