నల్లా నేనే విప్పాను

తమ్మీ శివరాం,

నల్లా పిడిని గట్టిగా తిప్పకు, కొత్త వాషర్ తెగిపోతుంది. పొద్దున నీళ్లు రాకముందే నేనే విప్పి చూశాను. లోపలి వాషర్ అరిగిపోయింది. నీ పాత రబ్బరు చెప్పు కోసి, అదే కొలతకు ఒకటి చేసి వేశాను. ఇప్పుడు కారడం లేదు. పానా పక్కింటి సమ్మన్నది, ఇచ్చిరా.

"ఐతారం చేస్త అక్కా" అని నెల రోజులుగా అంటున్నావు. నిన్న పొద్దున ఆ తడిలోనే అవ్వ జారిపడింది. కుడి మణికట్టు ఇవాళ బాగా వాచింది. దవాఖానకు తీసుకుపోతున్నాను. అన్నం పొయ్యి మీద ఉంది.

గంగమణి

"శివరాంకు చెప్పకు బిడ్డా, ఫికర్ చేస్తడు" అన్నది అవ్వ. నిన్న సాయంత్రం నీకు ఎడమ చేత్తో వడ్డించింది. నువ్వు చూడలేదు.