ఇరుకు దారిలో శుభలేఖ

నస్పూర్, 3వ తేదీ

చి. నవ్యశ్రీకి నీ కాక లింగమూర్తి ఆశీర్వదించి, ఆపైన కోపగించి రాయునది.

మేము క్షేమం. మీ ఆఫీసు మాత్రం ఎందుకు క్షేమంగా ఉందో నాకు తెలియడం లేదు. మా కంప్యూటర్‌ను నడిపించేది మీరు కరీంనగర్‌లో కూర్చుని రాసిన సిస్టమే అని నువ్వే గొప్పగా చెప్పావు. అందులో "బాగున్నవా బామ్మర్దీ" అని రాస్తే మస్కట్‌కు క్షణంలో పోతోంది. మా దీపిక పెండ్లికార్డు ఫైలు పెడితే, ముప్పయ్యో తేదీ నుంచి చక్రం తిరుగుతోంది తప్ప కదలడం లేదు.

మస్కట్‌లో ఉన్న మీ చిన్నమ్మ తమ్ముడు పరశురాములుకు సెలవు దొరకాలంటే, కార్డు ఫైలు ఇరవయ్యో తేదీలోగా మెయిల్‌లో చేరాలి. ఫోన్‌లో తీసిన ఫొటోను వాళ్ల కంపెనీ ఒప్పుకోదట. మేనమామ లేకుండా పిల్లను పెండ్లిపీటల మీదికి ఎవరు తీసుకొస్తారు, మీ మేనేజరా?

ఇట్లు,
కాక

తా.క.: నెట్ సెంటర్‌కు పొమ్మనకు. ముప్పై రెండేళ్లు బొగ్గుబాయిలో పనిచేసిన పైసలతో కొన్న కంప్యూటర్ ఇంట్లో ఉండగా, పక్కింటి పొయ్యి మీద అన్నం వండుకోను.

కరీంనగర్, 5వ తేదీ

పూజ్యులైన కాకకు నవ్యశ్రీ నమస్కరించి రాయునది.

మీ కోపం న్యాయమే. పెద్ద ఫైలును సిస్టమ్ ప్యాకెట్లుగా కోసి పంపుతుంది. దారిలో ఎక్కడో ఆ ప్యాకెట్ పట్టనంత ఇరుకు ఉంది. పట్టనప్పుడు "పెద్దగా ఉంది, తగ్గించు" అని అక్కడి నుంచి కబురు రావాలి. ఆ కబురును మధ్యలో ఎవరో ఆపేస్తున్నారు. మా కోడ్ దానికోసం ఎదురుచూస్తూ అదే సైజు ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతోంది. తప్పు మాదే. కబురు రాకపోయినా చిన్న సైజుతో మొదలుపెట్టి, పెంచుకుంటూ పోయి, దారి కొలత తానే తెలుసుకునేలా తిరగరాస్తున్నాను.

అందాక ఒక సాయం చేయండి. కార్డులోని మాటలు నాలుగు పంక్తులు టైప్ చేసి పంపండి. పోతే ఒక్కో పంక్తి కలుపుతూ పంపి, ఎక్కడ ఆగిందో చెప్పండి.

ఇట్లు,
నవ్యశ్రీ

తా.క.: తెలుగు అక్షరానికి ఇంగ్లీషు అక్షరం కన్నా మూడింతల చోటు కావాలి. అది మాత్రం మా ఆఫీసు తప్పు కాదు.

నస్పూర్, 9వ తేదీ

చి. నవ్యశ్రీకి, ఆశీస్సులు ఉన్నాయి గానీ ఇప్పుడు ఇచ్చే ఓపిక లేదు.

నీ మాట విన్నాను, అదే నా తప్పు. మొదటి మెయిల్‌లో పిల్ల, పిల్లగాడు, ముహూర్తం, నా పేరు. పోయింది. తర్వాత వియ్యంకుల పేర్లు కలిపాను, పోయింది. బాయి దోస్తుల పేర్లు కలిపాను, అదీ పోయింది. ఆ తర్వాతి పంక్తి దగ్గర ఆగింది. అది పరశురాములు పేరు. మన కార్డుల్లో మేనమామ పేరు అడుగున, ఒంటరిగా, పెద్దక్షరాలతో వేస్తాం కదా.

ఈ మెయిళ్లన్నీ ఎవరికి పంపానో తెలుసా? పరశురాములుకే. ఎవరికి పంపాలో నువ్వు రాయలేదు.

ఫోన్ చేశాడు. దారి ఇరుకై నీ పేరు దగ్గర ఆగిందని చెప్పాను. "బావా, నీ తోటి షిఫ్టుల పనిచేసిన కొమురయ్యకు జాగ దొరికింది. నా పేరు కాడికి రాంగనే దారి ఇరుకైందా? నేను రాను. సెలవు గూడ అడుగ" అన్నాడు. ప్యాకెట్ సైజు గురించి చెప్పబోయాను. "మీ ఇంట్ల నా సైజు గింతేనని ఇయ్యాల ఎరుకైంది" అని పెట్టేశాడు.

మీ చిన్నమ్మ కొమురవ్వ రెండు రోజులుగా నాకు ఛాయ్ ఇవ్వడం లేదు. "మా తమ్మున్ని కార్డుల కెళ్లి కోసేసిన మనిషికి నేను ఛాయ్ పెట్టాల్నా" అంటోంది. నాకు సిగ్గుగా ఉంది, నీ మీద మంటగా ఉంది.

ఇట్లు,
లింగమూర్తి

తా.క.: కబురు ఆపేవాడి పేరు చెప్పు. కేబుల్ వేసిన శ్యాంసుందర్‌ను గంటసేపు తిట్టాను. అతను కాదని తర్వాత తేలింది.

కరీంనగర్, 12వ తేదీ

పూజ్యులైన కాకకు భయభక్తులతో నవ్యశ్రీ రాయునది.

పరీక్ష మెయిళ్లు నాకు పంపుతారనుకున్నాను. ఆపేది మనిషి కాదు కాకా, దారిలో ఉన్న ఏదో పెట్టె. వచ్చే ప్రతి కబురూ దొంగదేనని అనుమానించి తలుపు మూస్తుంది. ఏ పంక్తి దగ్గర ఆగిందో చెప్పారు కదా, అది నాకు బాగా పనికొచ్చింది. కొత్త కోడ్ పదిహేనో తేదీన మీ కంప్యూటర్‌లోకి వస్తుంది. "అప్‌డేట్ చేయాలా" అని అడిగితే ఔనని నొక్కండి.

ఇట్లు,
నవ్యశ్రీ

తా.క.: కార్డును పెన్‌డ్రైవ్‌లో వేసి మంచిర్యాల బస్సులో పంపితే, నేనే ఇక్కడి నుంచి మస్కట్‌కు పంపగలను.

నస్పూర్, 17వ తేదీ

చి. నవ్యశ్రీకి కాక నిండు మనసుతో ఆశీర్వదించి రాయునది.

నొక్కాను. చక్రం రెండు చుట్లు తిరిగి ఆగింది. ముప్పయ్యో తేదీన పెట్టిన కార్డే, ఆ తేదీతోనే, మస్కట్ చేరింది. అడుగున తన పేరు అంగుళం ఎత్తున చూసుకుని పరశురాములు ఫోన్ చేశాడు. "తప్పైంది బావా, నేనే ఆగమైన" అన్నాడు. సెలవు కూడా దొరికింది. కొమురవ్వ ఛాయ్ పెట్టింది. నీకూ ఒక కార్డు పంపాను. నలభై ఒక్క పేర్లు, ఒక్క అక్షరం తెగలేదు. మన ఇంటి పిల్లవు అనిపించావు.

ఇట్లు,
ప్రేమతో కాక

తా.క.: పెన్‌డ్రైవ్ మాట మళ్లీ ఎత్తకు. బస్సులో పంపుకునేదానికి మీ సిస్టమ్ ఎందుకు?

కరీంనగర్, 19వ తేదీ

శ్రీ లింగమూర్తి గారికి,

కార్డు అందింది. మీరు పంపిన నలభై ఒక్క పేర్లూ చేరాయి. మూడుసార్లు చదివాను. మీ సొంత అన్న, మా బాపు పోచమల్లు పేరు అందులో లేదు. కొమురయ్య ఉన్నాడు.

బాపు కండ్లద్దాలు పెట్టుకుని పై నుంచి కింది దాకా చదివాడు. "లైన్ల యాడనో ఇరుకైనట్టుంది బిడ్డా. తమ్ముడు నన్ను మర్సిపోడు" అన్నాడు. నేను ఔనన్నాను. పది రోజులు ఆ ఇరుకు మీదే పనిచేశాను, ఇప్పుడది లేదని బాపుకు చెప్పలేకపోయాను. మీకు చెబుతున్నాను.

ఇట్లు,
పోచమల్లు బిడ్డ

తా.క.: బాపు పేరుతో కొత్త కార్డు వేయించి పంపండి. ఎంత పెద్దదైనా చేరుతుంది.