ఏడో నంబరు గొంతుపై ఫిర్యాదు

గౌరవనీయులైన డివిజనల్ ఇంజినీరు గారి సముఖమునకు,
జాతీయ విద్యుత్ పంపిణీ సంస్థ.

అయ్యా,

విషయం: తమ కొత్త కంట్రోల్ రూములో పనిచేయు ఏడో నంబరు ఉద్యోగినిని, లేదా కనీసం ఆమె గొంతును, వేరొక విభాగమునకు బదిలీ చేయుట గురించి.

అర్జీదారునైన నేను తమ సంస్థలో లైన్‌మన్‌గా పనిచేయుచున్న వ్యక్తి భార్యను. ఇంటి ముందుగదిలో బల్ల వేసుకొని ఇరుగుపొరుగువారికి అర్జీలు టైపు చేసిపెడుతుంటాను. మీటరు మార్చమనీ, స్తంభం జరపమనీ ఈ వీధి నుంచి తమకు చేరిన కాగితాలు చాలావరకు నా చేతి మీదుగా వచ్చినవే. నా కోసం నేను రాసుకోవడం ఇదే మొదలు. కనుక మధ్యలో ఎక్కడైనా భాష అదుపు తప్పితే మన్నించగలరు.

1. సంస్థ అభివృద్ధి పట్ల అర్జీదారుకు ఎట్టి అభ్యంతరమూ లేదు. తొడుగు వేసిన కొత్త తీగలు వచ్చాయి, సంతోషం. కరెంటు ఎప్పుడు పోతుందో ముందే మెసేజి వస్తోంది, మహా సంతోషం. అయితే లైనుపై పనిచేయువారికి అనుమతి ఇచ్చు పద్ధతిని కూడా తమరు అభివృద్ధి చేసినారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

తమరికి తెలియనిది కాదు. స్తంభం ఎక్కే ముందు ఆ లైనులో కరెంటు ఆపించాలి. దిగాక ఫోను చేసి దిగానని చెప్పాలి. ఆ తర్వాతే మళ్లీ కరెంటు వదులుతారు. ఇదివరకు ఈ పని మా సబ్‌స్టేషన్‌లో ‘దగ్గుల తాత’ అని అందరూ పిలిచే ఆపరేటరు చూసేవాడు. మా ఆయన “దిగాను తాతా” అంటే అటునుంచి ఒక దగ్గు వినిపించేది. అదే జవాబు. ఆ దగ్గు మీద నాకు ఏనాడూ అసూయ కలగలేదు.

2. తాత రిటైరైన పిమ్మట ఆ పనంతా పెద్దాఫీసులోని కంట్రోల్ రూముకు మార్చినారు. అక్కడివారిని పేర్లతో పిలవరట, నంబర్లతోనేనట. మా లైనుకు ఏడో నంబరు వచ్చింది. ఆమె గొంతు ఎలా ఉంటుందని తమరు అడగవచ్చు. బాగుంటుంది. నా ఫిర్యాదే అది.

“బెల్టు పెట్టుకున్నారా? చేతులకు తొడుగులున్నాయా? జాగ్రత్తగా ఎక్కండి” అంటుంది. మా ఆయన “పెట్టుకున్నానండీ, ఉన్నాయండీ” అని బుద్ధిమంతుడిలా జవాబిస్తారు. ఇదే మనిషిని నేను “గొడుగు తీసుకెళ్తున్నారా?” అని అడిగితే “నీకెందుకు?” అంటారు. ఇంట్లో ఆయన నోరు తెరిపించాలంటే కూడా పెద్దాఫీసు అనుమతి తీసుకోవాలి కాబోలు.

3. భోజనాల దగ్గర కూడా ఆమె ప్రస్తావనే. “రేపు గాలులట. ఏడుగారు చెప్పారు” అంటారు. గారు! పెళ్లయిన నాటి నుంచి నన్ను “ఏమోయ్” తప్ప మరో మాటతో పిలవని నోరది.

“ఎవర్రా ఆవిడ?” అని మా అత్తగారు అడిగారు.

“మా కంట్రోల్ రూము ఆవిడమ్మా. ఫోనులో వినడమే, మనిషిని చూడలేదు.”

“మొన్న నువ్వు స్పీకరు పెట్టినప్పుడు విన్నాన్లే. ఎంత చక్కగా మాట్లాడుతుందో! నేర్చుకోవాలి” అని అత్తగారు నా వైపు చూశారు. గోరుచుట్టుపై రోకటిపోటు.

నేర్చుకున్నాను కూడా. మర్నాడు పొద్దున ఆయన బయల్దేరుతుంటే ఆ మెత్తదనమంతా తెచ్చిపెట్టుకొని, “బెల్టు పెట్టుకున్నారా? జాగ్రత్తగా వెళ్లండి” అన్నాను. ఆయన ఆగి నా మొహంలోకి చూశారు. “గొంతు పట్టేసిందా? వేడినీళ్లు తాగు” అని వెళ్లిపోయారు.

4. ఇక పోయిన వారం జరిగినది. ఈదురుగాలికి మా వెనకసందులో తీగ తెగింది. వీధంతా కరెంటు లేదు. మధ్యాహ్నం నేను పెరటి స్నానాలగదిలో అత్తగారికి నీళ్లు పోస్తున్నాను. ఆ చప్పుడులో బయటి అలికిడి ఏదీ వినపడలేదు. వచ్చి చూస్తే గుమ్మం ముందు ఆయన బండి ఉంది. బల్ల మీద నీళ్లు తాగి పెట్టిన గ్లాసు, పక్కనే ఆయన ఫోను. పని ముగించుకొని వచ్చి పైగదిలో నడుం వాల్చారనుకున్నాను. అది ఆయన అలవాటే.

ఫోను మోగింది. ఏడో నంబరు. ఇన్నాళ్లకు చిక్కావే అనుకొని ఎత్తాను.

“ఏడు మాట్లాడుతున్నానండీ. పని అయిందా? దిగారా?”

“నేను ఆయన భార్యను. దిగడమేంటి, ఇంటికే వచ్చేశారు. కరెంటు ఇచ్చెయ్యి. వీధంతా గోల పెడుతోంది.”

“ఒక్కసారి ఆయనకు ఫోనివ్వండమ్మా.”

“పడుకున్నారు.”

“లేపండమ్మా.”

“ఎందుకు లేపాలి? కట్టుకున్నదాన్ని, నేను చెప్తున్నాగా! నా మాట నమ్మవా?”

“నమ్మనమ్మా.”

ఆ మాట కూడా అదే మెత్తని గొంతుతో అన్నది. పైగా, “మీరనే కాదు, మా ఇంజినీరు గారు చెప్పినా నమ్మను. ఆయన గొంతు నేను వినాలి. వెళ్లి లేపండి, లైనులోనే ఉంటాను” అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన ఎదుటే ఈవిడగారి సంగతి తేల్చేద్దామని దబదబా మెట్లెక్కాను. పైగదిలో మంచం మీద దుప్పటి పెట్టిన మడత పెట్టినట్టే ఉంది. వెనక కిటికీ తెరిచాను.

ఆయన స్తంభం మీద ఉన్నారు. పైపుల కోసం సందంతా తవ్విపెట్టడంతో బండి పోక, దాన్ని ఇంటి దగ్గరే వదిలి, ఇక్కణ్ణుంచే ఏడుకు ఫోను చేసి లైను ఆపించి, మంచినీళ్లు తాగి, ఫోను బల్ల మీద మరిచి నడిచి వెళ్లారట. నేను చూసేసరికి బెల్టుకు వెనక్కి ఆనుకొని రెండు చేతులతో తీగ పట్టుకొని ఉన్నారు. నా చేతిలోని ఫోనులోంచి “అమ్మా, లేచారా? అమ్మా?” అని ఆ గొంతు అడుగుతూనే ఉంది. “పైనే ఉన్నారు” అన్నాను.

“మంచం మీదా అమ్మా?”

“స్తంభం మీద.”

“భయపడకండమ్మా. దిగాక ఆయన్నే ఫోను చేయమనండి. అప్పటిదాకా ఎవరెంత అరిచినా నేను వదలను” అంది.

5. ఆమె ఏదైనా తప్పు చేసి ఉంటే ఈ అర్జీ ఎంత హాయిగా రాసేదాన్నో! నా మాట నమ్మి ఉంటే నాకు గౌరవం దక్కేది, మొగుడు దక్కేవాడు కాదు. ఆ రోజు నుంచి ఆమెను తిడదామంటే నోరు రావడం లేదు. మెచ్చుకుందామంటే మనసు రావడం లేదు. అసూయ తగ్గిందా అంటే అదీ లేదు, రెట్టింపైంది. ఆయన ప్రాణం ఆమె చేతిలో, ఆయన తాగి పెట్టిన గ్లాసు నా చేతిలో. ఇదేం పంపకమండీ?

ఆయనకు జరిగినదంతా నేనే చెప్పాను. “నా ఫోను నువ్వెందుకెత్తావ్?” అన్నారు. “మీరెందుకు వదిలేసి వెళ్లారు?” అన్నాను. ఆ పూట ఇద్దరికీ ముద్ద దిగలేదు.

6. కరెంటు వచ్చినదని తమ సంస్థ వీధిలో ప్రతివారికీ మెసేజి పంపుచున్నది. కుట్టుమిషను ఆవిడకు వస్తుంది, పిండిమర ఆయనకు వస్తుంది, నాకూ వస్తుంది. పైకెక్కిన మనిషి కిందికి దిగాడని మాత్రం ఏ ఇంటికీ రాదు. గాలి వీచిందంటే చాలు, నేను ఎవరి మీటరు గురించో టైపు చేస్తూ అన్నీ తప్పులే కొడతాను. ఫ్యాను తిరగడం మొదలైతే దిగారన్నమాట అనుకొని ఊపిరి పీల్చుకుంటాను. ఆమెకు ఆయన స్వయంగా చెబుతారు. నాకు ఫ్యాను చెప్పాలి.

కావున మనవి చేసుకొనునది ఏమనగా, దిగానన్న మొదటి మాట ఏడో నంబరుకే చెందవలెను. అది ప్రాణాలకు సంబంధించిన నియమం, నేను అడ్డురాను. రెండో మాట లైన్‌మన్ ఇంటికి చేరునట్లు తమరు ఉత్తర్వులు ఇప్పించవలెను. నా ఒక్కదానికే కాదు, ఈ ఉద్యోగం చేసే ప్రతివారి ఇంటికీ.

పైన విషయంలో పేర్కొన్న బదిలీ కోరికను ఇందుమూలముగా ఉపసంహరించుకొనుచున్నాను. మా ఆయన రిటైరయ్యేవరకు ఆమెను ఆ కుర్చీలోంచి కదపవద్దు. ఆమెకు ప్రమోషన్ ఇచ్చినా అభ్యంతరం లేదు. సన్మానం మాత్రం వద్దు. మా ఆయన ముందు వరుసలో కూర్చొని చప్పట్లు కొడుతుంటే నేను చూడలేను.

ఒక ఇల్లాలి ఓర్వలేనితనంగా తోసిపుచ్చక, ఈ మనవిని దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
లైన్‌మన్ భార్య
(ముందుగది బల్ల దగ్గర నుంచి)

తా.క.: కవరు అంటిస్తుండగా నా ఫోను మోగింది. మా ఆయన పొద్దుననగా మార్కెట్టు వీధి లైను మీదికి వెళ్లారు. “ఏడు మాట్లాడుతున్నానమ్మా. మీ నంబరు ఆయన్నడిగి తీసుకున్నాను. ఆయన దిగారు” అంది. అర్జీ ఇంకా నా చేతిలోనే ఉంది, ఎవరూ చదవలేదు. నేను అడగకముందే ఇచ్చేసింది మహాతల్లి. ఇందులోనూ నాకంటే ముందే!

“నమ్మను. ఆయన గొంతుతో చెప్పాలి” అన్నాను.

అటువైపు ఆమె పకపకా నవ్వింది. నాకూ నవ్వాగలేదు. “లైనులో ఉండండమ్మా” అని ఆయన్ని కలిపింది.

“దిగానోయ్. ఆకలి దంచేస్తోంది, వడ్డించి ఉంచు” అన్నారు మా ఆయన.

తమ కంట్రోల్ రూములో మాటలన్నీ రికార్డవుతాయట కదా, వీలైతే తెప్పించుకొని వినండి. దిగానన్న మాట ఆమె రోజూ వింటుంది. వడ్డించి ఉంచమని మాత్రం ఆమెతో ఒక్కనాడూ అని ఉండరు.